రోడ్డు విస్తరణలో దుకాణం ముందు భాగం పోతుంటే: బాండా, నగదా, పై అంతస్తా, పక్కవాళ్లతో కలిసి కట్టడమా?

గోడల మీద టౌన్ ప్లానింగ్ వాళ్ల మార్కింగ్ పడగానే విజయవాడ వన్‌టౌన్‌లోనైనా, గుంటూరు పట్నం బజారులోనైనా యజమానులు అడిగే మొదటి మాట ఒకటే: గజానికి ఎంతిస్తారు? ఆ రేటు కన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. కత్తిరింపు అయ్యాక మీకు మిగిలే స్థలం లోతెంత, ఆ మిగిలిన దాంట్లో దుకాణం నడుస్తుందా? పాత బజార్లలో స్థలాలు ముఖం తక్కువ, లోతు ఎక్కువగా ఉంటాయి. ఎనిమిది అడుగులు పోతే ఒకరికి షట్టర్ వెనక్కి జరుగుతుందంతే. పక్కవాడికి వ్యాపారమే పోతుంది. ఇద్దరికీ గజం రేటు మాత్రం ఒకటే.

కాబట్టి ఈ పోలికలో రేటును ఒక కొలమానంగానే తీసుకున్నాం. మిగతా కొలమానాలు ఇవి: మిగిలే స్థలం పనికొస్తుందా, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, పత్రాలు ఎంత శుభ్రంగా ఉండాలి, పాత కట్టడం కోతను తట్టుకుంటుందా, అద్దెదారు సంగతేమిటి.

ముందు మార్కింగ్ సరైనదో కాదో చూడండి

ఏ దారి ఎంచుకోవాలన్న ప్రశ్న దీని తర్వాతే. మూడు కాగితాలు అడగండి. మాస్టర్ ప్లాన్‌లో గానీ రోడ్ డెవలప్‌మెంట్ ప్లాన్‌లో గానీ మీ వీధికి చూపిన వెడల్పు, ప్రస్తుతం రికార్డులో ఉన్న వెడల్పు, మీ డోర్ నంబరుకు వేసిన కొలతల స్కెచ్. సాధారణంగా రోడ్డు మధ్య గీత నుంచి రెండు పక్కలా సమానంగా కొలుస్తారు. ఎదుటివైపు గుడి, మసీదు, కాలవ గట్టు, ప్రభుత్వ భవనం ఉన్నచోట మధ్య గీత మీ వైపు జరిగిందేమో గమనించండి. అలా జరిపితే కారణం రాతలో ఉండాలి.

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్ కేసులో రోడ్డు విస్తరణకు పాటించాల్సిన పద్ధతి చెప్పింది. రికార్డు ప్రకారం ఉన్న వెడల్పు తేల్చాలి, సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో చూడాలి, ఉంటే నోటీసిచ్చి అభ్యంతరం వినాలి. ఉన్న వెడల్పు చాలకపోతే చట్టప్రకారం భూసేకరణ చేయాలి. అంటే మెట్లు, అరుగు, రేకుల పందిరి రోడ్డు మీదకొచ్చి ఉంటే ఆ మేరకు పరిహారం అడగలేరు. డాక్యుమెంటులో మీదైన స్థలానికి మాత్రం పరిహారం లేకుండా కూల్చడం కుదరదు. ఈ రెండూ స్కెచ్‌లో విడివిడిగా కనిపించాలి. కలిపి రాస్తే సంతకం పెట్టకండి.

ఒక లెక్క, నాలుగు దారులు

పోల్చడానికి ఒక ఊహా స్థలం తీసుకుందాం. ముఖం 24 అడుగులు, లోతు 45 అడుగులు, అంటే 1,080 చదరపు అడుగులు, 120 గజాలు. వీధి 24 అడుగులది, దాన్ని 40 చేస్తారు. ఒక్కో వైపు 8 అడుగులు. పోయేది 192 చదరపు అడుగులు, అంటే 21.33 గజాలు. మిగిలేది 98.67 గజాలు, 37 అడుగుల లోతు. గజం విలువ 50,000 రూపాయలు అనుకుందాం.

అదే వీధిలో 10 అడుగుల ముఖం, 20 అడుగుల లోతున్న చిన్న కొట్టు కూడా ఉందనుకోండి. దానికి పోయేది 8.9 గజాలే. మిగిలేది 10 అడుగులకు 12 అడుగుల గది. ఈ ఇద్దరికీ ఒకే సలహా చెప్పేవాళ్లను నమ్మకండి.

మొదటి దారి: టీడీఆర్ బాండు

స్థలం రోడ్డుకు వదిలేస్తే, దానికి బదులు మరోచోట అదనంగా కట్టుకునే హక్కును కార్పొరేషన్ బాండుగా ఇస్తుంది. మీరే వాడుకోవచ్చు, బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో రోడ్డు విస్తరణకు 400 శాతం నిష్పత్తితో బాండ్లు ఇచ్చారు. నిష్పత్తిని నిర్ణయించేది ప్రభుత్వ ఉత్తర్వు. కాబట్టి మీ ఫైలు ఏ జీవో కింద నడుస్తోందో, అందులో నిష్పత్తి ఎంతో ముందే రాయించుకోండి.

నాలుగు రెట్లయితే మన ఉదాహరణలో 85.33 గజాల బాండు వస్తుంది. వాడేచోట దాన్ని రెండు ప్రాంతాల రిజిస్ట్రేషన్ విలువల నిష్పత్తితో మారుస్తారు. వన్‌టౌన్‌లో గజం 50,000, వాడే చోట 25,000 అయితే 85 గజాల హక్కు అక్కడ 170 గజాలవుతుంది. అందుకే విలువ తక్కువున్న శివార్లలో కట్టే బిల్డర్లు దాన్ని ఇష్టపడతారు.

ఇప్పుడు అసలు లెక్క. బాండు ముఖ విలువ 42.66 లక్షలు. నగదు దారిలో (కింద వివరంగా ఉంది) స్థలానికి, సొలేషియంతో (బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) కలిపి, 21.33 లక్షలు. అంటే నాలుగు రెట్ల బాండు ముఖ విలువలో సగం కన్నా ఎక్కువకు అమ్ముడుపోతేనే నగదు కన్నా మేలు. బాండు విలువ కట్టేది రిజిస్ట్రేషన్ పుస్తకంలోని ధర మీద. నగదు లెక్కలోకి చుట్టుపక్కల సేల్ డీడుల సగటు కూడా వస్తుంది. పుస్తక ధర 40,000, డీడుల సగటు 50,000 అయితే బాండు ముఖ విలువ 34.13 లక్షలకు పడిపోతుంది. అప్పుడు అది 62.5 శాతం ధరకు పైన అమ్ముడుపోవాలి. నిష్పత్తి రెండు రెట్లే అయితే వందకు వంద వచ్చినా నగదుతో సమానమే, అది కూడా రెండు ధరలూ ఒకటైనప్పుడే.

ఆ ధర వస్తుందా అన్నదే చిక్కు. మన రాష్ట్రంలో భవనం ఎత్తును ప్రధానంగా రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం నిర్ణయిస్తాయి. వెడల్పైన రోడ్డు మీద ఉన్న బిల్డరుకు కావలసిన అంతస్తులు మామూలు అనుమతిలోనే దొరికితే బాండు కొనే పని లేదు. అదనపు అంతస్తో, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపో అవసరమైన కొద్దిమందే కొంటారు. ఒకే వీధిలో విస్తరణ జరిగి బాండ్లన్నీ ఒకేసారి బయటికొస్తే ధర ఇంకా పడుతుంది. తణుకులో బాండ్ల అక్రమాలు బయటపడ్డాక ఫైళ్ల పరిశీలన గట్టిగా ఉంటోంది. అది మంచిదే, కానీ లింకు డాక్యుమెంట్లలో చిన్న తేడా ఉన్నా ఫైలు ఆగుతుంది.

బాండు లెక్క స్థలం గజాల మీద సాగుతుంది. పడగొట్టే గోడలు, స్లాబు, షట్టర్ల విలువ సంగతి విడిగా రాతపూర్వకంగా తేల్చుకోకపోతే అది గాలికి పోతుంది.

రెండో దారి: 2013 చట్టం కింద నగదు

2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం ఇది. మార్కెట్ విలువను రిజిస్ట్రేషన్ ధర, గత మూడేళ్ల సేల్ డీడుల్లో ఎక్కువ ధరవి సగం తీసుకుని కట్టిన సగటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కడతారు. పట్టణాల్లో గుణకం ఒకటి, అంటే ఆ విలువను రెట్టింపు చేయరు, ఉన్నదున్నట్టే తీసుకుంటారు. దానికి కట్టడం విలువ కలిపి, మొత్తం మీద 100 శాతం సొలేషియం ఇస్తారు. పైగా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. మన ఉదాహరణలో స్థలానికి 10.67 లక్షలు, సొలేషియంతో 21.33 లక్షలు. కట్టడానికి 4 లక్షలు విలువ కడితే దానికీ సొలేషియం కలిసి 8 లక్షలు. 96వ సెక్షన్ ప్రకారం ఈ అవార్డు (కలెక్టరు తేల్చి ప్రకటించే పరిహారం) మీద ఇన్‌కంట్యాక్స్ లేదు. పరస్పర బేరంతో అమ్మిన పద్ధతిలో వెళ్తే ఈ మినహాయింపు వర్తిస్తుందో లేదో ముందే ఆడిటరుతో మాట్లాడండి.

ఈ చట్టంలో చిన్న కొట్ల వాళ్లకు పనికొచ్చే రెండు సెక్షన్లు ఉన్నాయి. వాటిని అడిగేవాళ్లు చాలా తక్కువ. 28వ సెక్షన్: స్థలాన్ని ముక్క చేయడం వల్ల మిగిలిన భాగానికి జరిగే నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కించాలి. 94వ సెక్షన్: భవనంలో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం తీసుకోమని యజమాని కోరవచ్చు. 10 అడుగులకు 12 అడుగుల గది మిగిలే మన చిన్న కొట్టు యజమాని మొదట రాయాల్సిన దరఖాస్తు ఇదే. అవార్డు వెలువడకముందే ఇవ్వాలి.

లోపం కాలం. ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి డిక్లరేషన్‌కు (సేకరణ ఖరారు ప్రకటన) ఏడాది వరకు, డిక్లరేషన్ నుంచి అవార్డుకు మరో ఏడాది వరకు గడువుంది. అభ్యంతరాలకు 60 రోజులు. ఈలోగా మార్కింగ్ పడ్డ భవనాన్ని ఎవరూ కొనరు, బ్యాంకు అప్పివ్వదు. కార్పొరేషన్లు కూడా ఖజానా నుంచి డబ్బు తీయాల్సిన పని కాబట్టి బాండు వైపే మొగ్గుతాయి. కానీ బాండు మీ సమ్మతితో నడిచే ఏర్పాటు. నగదు కావాలని రాసివ్వడం మీ హక్కు.

అవార్డు తక్కువనిపిస్తే, ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లోగా 64వ సెక్షన్ కింద రిఫరెన్స్ (వివాదాన్ని భూసేకరణ అథారిటీకి పంపడం) కోరాలి. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి తీసుకోండి.

మూడో దారి: స్థలం వదిలి, అక్కడే సడలింపులతో కట్టుకోవడం

రోడ్డుకు పోయే ముక్కను ఉచితంగా అప్పగించి, బదులుగా మిగిలిన స్థలంలో సెట్‌బ్యాక్ సడలింపు గానీ, పోయిన మేరకు అదనపు అంతస్తు గానీ పొందడం. ఎలాగూ పాత భవనం పడగొట్టి కట్టాలనుకునేవారికి ఇదే అన్నిటికన్నా సూటైన దారి. బాండుకు కొనేవాడిని వెతకాల్సిన పని లేదు, కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని లేదు. విస్తరణ అయ్యాక వీధి వెడల్పు కాబట్టి అనుమతించే ఎత్తు కూడా పెరగవచ్చు. ప్లాను వేయించేటప్పుడు కొత్త వెడల్పు మీదే లెక్క కట్టమని అడగండి.

చిక్కు ఎక్కడంటే, పై అంతస్తుకు బజారులో విలువ తక్కువ. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల గానీ, పట్నం బజారులో గానీ నేల అంతస్తులో అడుగుకు వచ్చే అద్దె మూడో అంతస్తులో రాదు. 192 చదరపు అడుగుల షట్టర్ భాగం పోగొట్టుకుని అంతే విస్తీర్ణం పైన తెచ్చుకుంటే, విస్తీర్ణం సమానమే, ఆదాయం కాదు. పై అంతస్తు గోడౌనుకో, సొంతంగా ఉండటానికో, డాక్టరు క్లినిక్కుకో పనికొస్తుందనుకుంటేనే ఈ దారి. మెట్లు, లిఫ్టు గుంత నేల అంతస్తులోంచి ఇంకొంచెం తినేస్తాయన్నదీ లెక్కలో పెట్టుకోండి. 24 అడుగుల ముఖంలో మెట్లకు నాలుగు అడుగులు పోతే రెండు షట్టర్లు సన్నబడతాయి.

నాలుగో దారి: పక్క స్థలాలతో కలిపి కట్టడం

మూడు నాలుగు చిన్న స్థలాలు కలిపితే మెట్లు ఒకటే, లిఫ్టు ఒకటే, పక్క సెట్‌బ్యాకులు మధ్యలో పోతాయి, పార్కింగుకు చోటు దొరుకుతుంది. పాత బజార్లకు నిజంగా మేలు చేసేది ఇదేనని మా అభిప్రాయం. విడివిడిగా ముక్కలైన 12 అడుగుల గదుల వరసతో వీధి వెడల్పైనా బజారు బాగుపడదు.

కుదరడమే కష్టం. ఒక్కరి టైటిల్‌లో చిక్కున్నా అందరిదీ ఆగుతుంది. ఒప్పందంలో ఎవరికి నేల అంతస్తు, ఎవరికి పైన అన్నది అడుగుల లెక్కలో కాకుండా అద్దె విలువ లెక్కలో పంచుకుంటే గొడవలు తగ్గుతాయి. డెవలపరుకు ఇస్తుంటే ఒప్పందం రిజిస్టరు చేయించండి. కలిపిన స్థలం 500 చదరపు మీటర్లు (దాదాపు 598 గజాలు) దాటినా, ఎనిమిదికి మించి యూనిట్లు వచ్చినా, అమ్మకానికి పెట్టే ముందు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు కావాలి. ఇంద్రకీలాద్రి దిగువ వీధుల్లో, కాలవ పక్కన సెల్లారు జోలికి పోకండి. వాననీరు చేరితే ఎత్తిపోయడం ఏడాదికోసారి వచ్చే ఖర్చవుతుంది. స్టిల్టు (నేల మట్టంలో స్తంభాల మధ్య పార్కింగు) మేలు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| | బాండు | నగదు | అక్కడే సడలింపు | కలిపి కట్టడం |
|---|---|---|---|---|
| చేతికి డబ్బు | కొనేవాడు దొరికినప్పుడు | అవార్డు తర్వాత | రాదు | అద్దెగానో వాటాగానో |
| కట్టడం నష్టం | విడిగా రాయించుకోవాలి | లెక్కలో ఉంటుంది | రాదు | బేరాన్ని బట్టి |
| టైటిల్ చిక్కుంటే | ఫైలు ఆగుతుంది | డబ్బు డిపాజిట్ అవుతుంది, తేలాక వస్తుంది | ప్లాను రాదు | అందరిదీ ఆగుతుంది |
| అద్దెదారుకు | ఏమీ లేదు | అర్హత ఉంటే పునరావాసం | ఏమీ లేదు | ఒప్పందంలో రాస్తేనే |
| ఎవరికి | వేరేచోట కడుతున్నవారికి | కట్టే ఆలోచన లేనివారికి, ముక్క మిగిలేవారికి | 30 అడుగులకు పైగా లోతు మిగిలేవారికి | 50 గజాల లోపు మిగిలేవారికి |

మీ పరిస్థితిని బట్టి

కానూరులోనో, గోరంట్లలోనో సొంతంగా అపార్టుమెంటు వేస్తున్నారా? బాండు తీసుకోండి, అమ్మకుండా మీరే వాడుకోండి. బాండుకు నిండు విలువ వచ్చే సందర్భం దాదాపు ఇదొక్కటే.

అద్దె మీద బతికే పెద్దవాళ్లకు, పిల్లలు బయట దేశంలో ఉన్నవాళ్లకు నగదే సరైనది. ఆలస్యమైనా వడ్డీ లాంటి 12 శాతం తోడుంటుంది. బాండు చేతిలో పెట్టుకుని బ్రోకర్ల ఫోన్ల కోసం ఎదురుచూడటం వాళ్లకు తగిన పని కాదు.

అన్నదమ్ముల మధ్య పంపకం కాని ఆస్తి అయితే ముందు పంపకం రిజిస్టరు చేయించండి. ఉమ్మడి పేరు మీద వచ్చిన బాండును పంచుకోవడం, నగదును పంచుకున్నంత తేలిక కాదు. స్థలం సత్రానిదో, వక్ఫుదో, దేవాదాయశాఖదో అయి మీకు కేవలం కట్టడం మీద హక్కుంటే స్థలం పరిహారం మీకు రాదు. కట్టడం విలువకే దరఖాస్తు పెట్టండి. మీ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా ముందే చూసుకోండి. ఉంటే స్థలం అప్పగింత డీడే రిజిస్టరు కాదు.

అద్దెదారులకు ఒక మాట. బాండు, సడలింపు రెండూ యజమాని పేరు మీదే వస్తాయి. 2013 చట్టం మాత్రం, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ చోట మీద ఆధారపడి ప్రధాన జీవనం సాగిస్తున్న కుటుంబాన్ని బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. చిన్న వ్యాపారికి కనీసం 25,000 రూపాయల ఏకకాలపు సాయం రెండో షెడ్యూలులో ఉంది. చాలా తక్కువ మొత్తం, అయినా పేరు నమోదైతేనే వస్తుంది. అందుకు అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ దగ్గరుంచుకోవాలి. యజమానులు అద్దెదారును దాచిపెట్టి సమ్మతి పత్రం ఇస్తే ఆ తర్వాత కోర్టులో పని ఆగేది వాళ్లదే. ముందున్న తోపుడుబళ్ల వాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. తరలించాలంటే 30 రోజుల నోటీసివ్వాలి.

కత్తిరించేముందు కట్టడం చూడండి

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. పాత సున్నపు గోడల మీద టేకు దూలాలు పరిచి కట్టిన మద్రాసు టెర్రస్ అయితే, దూలాలు ఏ దిక్కున పరిచారో చూడండి. రోడ్డుకు సమాంతరంగా ఉంటే బరువు పక్క గోడల మీద ఉంది, ముందు భాగం తీయొచ్చు. రోడ్డు వైపుకి నిలువుగా ఉంటే వాటి ఒక కొస ముందు గోడ మీద ఆనుకుని ఉంటుంది. కొత్త గోడో, ఉక్కు బీమో వెనక్కి జరిపి నిలబెట్టాకే పాత గోడ ముట్టాలి. లేకపోతే పైకప్పు కూర్చుంటుంది.

ఆర్‌సీసీ అయితే కోత గీత ముందు వరుస స్తంభాలకు వెనక పడుతుందా, ముందు పడుతుందా అన్నది ముఖ్యం. వెనక పడితే వరసగా సాగిన బీము మధ్యలో తెగి, మిగిలిన గది మధ్యలో వంపు పెరుగుతుంది. కోత గీత దగ్గర కొత్త స్తంభం, పునాది వేశాకే కోయాలి. జాకీలు పెట్టి, కట్టరుతో కోయించండి. బ్రేకరుతో కొడితే పక్కింటి గోడ కూడా బీటలిస్తుంది. తెగిన చువ్వల కొసలు అలా వదిలేయకుండా సిమెంటుతో మూయించండి. స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు తీసుకుంటే అది 28వ సెక్షన్ కింద నష్టం చూపించడానికీ పనికొస్తుంది.

సంతకం పెట్టే కాగితంలో

స్థలం అప్పగింతకు కమిషనరు పేరు మీద గిఫ్ట్ డీడ్ అడుగుతారు. అందులో "ఉచితంగా" అన్న ఒక్క మాటే ఉండి, బదులుగా బాండు ఇస్తారనో, ఫలానా సడలింపు ఇస్తారనో లేకపోతే తర్వాత ఏదీ అడగలేరు. డీడులోనే జీవో నంబరు, నిష్పత్తి, గజాలు, స్కెచ్ జత ఉండాలి. ఖాళీలున్న సమ్మతి పత్రం మీద సంతకం వద్దు. నగదు దారిలో పూర్తి పరిహారం చేతికి రాకముందు స్వాధీనం ఇవ్వాల్సిన పని లేదు.

కూల్చే ముందు రోడ్డు వైపు నుంచి, లోపలి నుంచి కొలబద్ద పెట్టి తేదీతో ఫోటోలు తీయండి. కరెంటు మీటరు మార్పుకు కనీసం కొన్ని వారాల ముందే విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు దరఖాస్తు ఇవ్వండి. నీటి కుళాయి, డ్రైనేజీ మ్యాన్‌హోలు ముందు భాగంలో ఉంటే వాటి తరలింపు ఖర్చు ఎవరిదో అంచనాలో రాయించండి. పని పూర్తయ్యాక మిగిలిన కొలతలతో ఆస్తిపన్ను సవరణకు వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. అది పెట్టకపోతే పోయిన అడుగులకు కూడా డిమాండు నోటీసు వస్తూనే ఉంటుంది.